మూడు వాక్యాల చీటీ

అమెరికాలోని ప్లేనోలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన చీటీలు చదువుతుంది. వాటిమీద పేర్లుండవు. చేతిరాత ఎవరూ గుర్తుపట్టకుండా పాస్టరమ్మగారు అన్నిటినీ తన చేత్తో తిరగరాస్తారు. ముందు మాటమాటకూ అర్థం చెప్పుకుని, ఆ తర్వాతే ప్రార్థన చేస్తాం. అర్థం చెప్పే పని నాది. నా చదువు ఇంటరుతో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకుని ఒక గోడౌన్‌లో సరుకు లెక్కలు చూస్తున్నాను. ఏం చదివినా అంకెల దగ్గర ఆగడం నా అలవాటు.

ఆ వారం ఒక చీటీలో మూడే వాక్యాలు: “ఇరవై మూడేళ్లుగా ఇంట్లో నా మాట ఒక్కసారీ పూర్తి కాలేదు. నాకు జవాబు వద్దు. ఒకరు చివరిదాకా వింటే చాలు.”

“రెండో వాక్యం చూడండి,” అన్నాను. “జవాబు వద్దంటోంది. అంటే జవాబులు లేక కాదు, ఎక్కువై బాధపడుతోంది. నోరు తెరవగానే పరిష్కారం చెప్పేసే మనిషి ఎవరో ఆ ఇంట్లో ఉన్నారు.”

“రాసింది లేడీసేనని ఎలా చెప్తున్నారు బ్రదర్?” అన్నాడు పక్కనున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. “మా ఇంట్లో నా మాటా పూర్తవదు!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి కొనసాగించాను.

“పాతికేళ్లని రాయలేదు, ఇరవై మూడని రాసింది. పెళ్లి నాటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఉండాలి. ఈ ఏడాదిలోంచి ఇరవై మూడు తీసేస్తే…”

తీసేశాను. మా పెళ్లయిన సంవత్సరం వచ్చింది. పాస్టరుగారి పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. మిగతా జంటలన్నీ పదేళ్లలోపువే. ఎదుటి వరుసలో నా భార్య నన్నే చూస్తోంది.

“ఎంతొచ్చింది బ్రదర్? ఆగిపోయారేం?”

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఒక్క మాట కూడా నా చెవికెక్కలేదు.

కార్ స్టార్ట్ చేసి అడిగాను. “నీదేనా?”

“అర్థం బాగానే చెప్పారు. మీరే చెప్తారని తెలిసే రాశాను.”

“ఏం చెప్పాలనుకున్నావు?”

“నాకు హైవే మీద డ్రైవ్ చేయాలంటే భయమండీ. ఆ రోజు ట్రక్ నా లేన్‌లోకి వచ్చేసిందని చెప్పబోయాను కదా? సగంలోనే ఆపి, ఎన్ని లక్షల మైళ్లకి ఒక యాక్సిడెంట్ అవుతుందో చెప్పారు. అప్పట్నుంచీ లోపలి రోడ్ల మీదే ఆఫీస్‌కి వెళ్తున్నా. ఎనిమిది నెలలు. పోను గంటన్నర, రాను గంటన్నర.”

ఎనిమిది నెలలు! పొద్దున్నే బయల్దేరుతుంటే పని ఎక్కువైందనుకున్నాను. రోజుకు మూడు గంటలు, వారానికి అయిదు రోజులు… నా బుర్ర అప్పుడే గుణించడం మొదలుపెట్టింది. నాకే భయం వేసింది. పెదవులు బిగించుకున్నాను.

“ఇంకా ఉంది,” అంది.

ఇంజన్ ఆపేశాను.