ఓటున్న ఊరి కోడలు

మా అత్తగారి ఊరు మునగాల పరగణాలోది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఈ కొన్ని ఊళ్లు మాత్రం తెల్లవాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. అందుకని మద్రాసు శాసనసభకు ఇక్కడివాళ్లు ఓటేసేవారట. నిజాం కింద, మేళ్లచెరువు పక్కనున్న మా పుట్టింటి ఊళ్లో ఆ రోజుల్లో ఓటంటే తినేదో తాగేదో కూడా తెలియదు. ఈ ఒక్క తేడా పట్టుకుని మా మామగారు పెళ్లయిన నాటి నుంచి నన్ను దెప్పుతూనే ఉన్నారు. కూరలో ఉప్పెక్కువైనా తప్పు నిజాందే.

"మా నాయిన మద్రాసుకు మెంబర్ను పంపిండు బిడ్డా. మీ తాతలకు గా భాగ్యం యాడిది?" అనేవారు. తెలంగాణ వచ్చాక కూడా ఆ మాట మానలేదు. రాష్ట్రాలు మారాయి గానీ ఆయన మాత్రం మద్రాసులోనే ఉండిపోయారు.

మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది. నాకు నిలబడాలని ఉంది. చాలా ఉంది. మంచినీళ్ల ట్యాంకు కోసం ఏళ్ల తరబడి గొంతు చించుకుంటున్నదాన్ని. కానీ మామగారు కాదంటే ఇంట్లో ఒక్కరూ నా వెంట రారు. భయపడుతూనే అడిగాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు.

"నిలబడు బిడ్డా! మనది ఓటు తెలిసిన ఇల్లు. నువ్వు సంతకం పెట్టు, సాలు. కడమదంత నేను చూస్కుంట."

ఒళ్లు మండింది. అప్పుడు మంచంలో వక్క చప్పరిస్తున్న అవ్వ, మామగారి తల్లి, తల తిప్పింది.

"ఒరే, మీ నాయిన ఓటెట్ల ఏసిండో ఎరికేనా నీకు?"

"దర్జాగ ఏసిండు."

"ఏం దర్జారా! జమీందారు గుమాస్తా ఎంట పోయి, వాడు ఏ పెట్టె సూపెడితే గా పెట్టెల ఏసొచ్చిండు. గా మెంబర్ మొఖం జన్మల సూడలే. శిస్తు కట్టేటోళ్లకే ఓటు, నాకు గదీ లేదు. ఇప్పుడు కోడలికి గుమాస్తావు నువ్వా?"

మామగారు తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్లిపోయారు.

నామినేషన్ రోజు ఆయనే నన్ను స్కూటర్ మీద పంచాయతీ ఆఫీసు దగ్గర దింపారు. గేటు బయటే ఆగిపోయారు. నేను వెనక్కి రాగానే అడిగింది ఒక్కటే.

"సంతకం సొంతంగ పెట్టినవా?"

"నిజాం ఊరి బిడ్డ పెట్టింది మామా," అన్నాను.