బర్రె మెడలో జర్మనీ పతకం

మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తెచ్చిన జర్మనీ పతకం గురించి తెలుసుకోవడానికి మార్కాపురం గ్రంథాలయంలో రెండు వేసవులు గడిపాను. నల్లటి ఇనుప శిలువ, చుట్టూ వెండి అంచు. దాన్ని అడిగి తెచ్చుకుందామని పెద్దారవీడులో మా పెద్దమ్మ ఇంటికి పోతే, అది కొత్తగా ఈనిన బర్రె మెడలో నల్లదారానికి వేలాడుతోంది. అంచు నిండా పేడ.

“ఇదేంది పెద్దమ్మా!”

“ఇనుమే కదరా. దిష్టి తగలకుండా కట్టినా.”

కోపం దిగమింగి, రెండు వందల ఏళ్ల కిందట జర్మనీ వైపు ఈ పతకాన్ని పుట్టించిన ప్రష్యా రాజు దగ్గర మొదలుపెట్టి, ముత్తాత దాన్ని ఓడిన జర్మన్ సైనికుడి దగ్గర తీసుకున్నదాకా చెప్పాను. పెద్దమ్మ శ్రద్ధగా వింది.

“పగోడి రొమ్ము మీద నుంచి వచ్చిందా! అట్లయితే ఏ దిష్టీ దీని జోలికి రాదులే” అని ఇంకో ముడి బిగించింది.