కేకుల సైటు యజమాని ఎవరు?

అబిడ్స్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే దుకాణం తెరిచిన కొత్తలో నేను సాక్షాత్తూ యేసుప్రభువునే ఆధార్ అడిగించాను. నవ్వకండి, నిజంగానే.

నా తొలి బేరం నాంపల్లిలో కేకులు చేసే రూతక్క. ఆమె దుకాణం గోడ మీద "ఈ దుకాణమునకు యజమాని యేసే" అని పెద్ద బోర్డు. ఆమె సైటుకు చిరునామాగా డాట్ ఇన్ పేరు కొంటుంటే, యజమాని పేరేమిటని కంప్యూటరు అడిగింది. అక్క మురిసిపోతుందని "యేసు ప్రభు" అని కొట్టేశాను. ఆ తర్వాత రుజువు పంపమని వచ్చిన మెయిళ్లన్నీ మోసగాళ్లవనుకుని చెత్తబుట్టలో వేశాను. ఎంత తెలివో చూశారా!

సరిగ్గా క్రిస్మస్ ముందు సైటు ఆగిపోయింది. రూతక్క పిండి చేతులతోనే మెట్లెక్కి వచ్చింది.

"ఏంది తమ్మీ గిది? ఆర్డర్లన్నీ అండ్లనే ఉన్నయి. ఏ కేకు ఎవరికియ్యాల్నో తెల్వదు. పండుగ పూట నా ఇజ్జత్ పోతది!"

ఆ పేరు అమ్మిన కంపెనీకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టాను.

"సర్, డాట్ ఇన్ పేర్ల మీద అజమాయిషీ కేంద్ర ప్రభుత్వానిది. యజమాని ఎవరో రుజువు లేకపోతే ఆపేయాల్సిందే," అందొక అమ్మాయి. "యేసు ప్రభు గారి ఆధార్ పంపండి."

రూతక్క నా వైపు చూసిన చూపు శత్రువుకు కూడా వద్దు.

"ఆయనకు ఆధార్ లేదండీ," అన్నాను.

"పోనీ, పాస్‌పోర్టు?"

"అదీ లేదు."

"ఒకసారి లైన్లోకి పిలవండి."

"పిలిస్తే వింటారు గానీ, ఫోనెత్తరండీ."

అవతలి గొంతు మెత్తబడింది. "అయ్యో, పోయారా సర్?"

"చాలా కాలమైందండీ," అన్నాను.

"ఏయ్! మూడో నాడే లేచిన్రని చెప్పు!" అని అరిచింది రూతక్క.

"బతికుంటే సంతకం పెట్టించండి సర్."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. పూజారినైనా బతిమాలుకోవచ్చు, ప్రభుత్వానికి మాత్రం కాగితం కావాల్సిందే. రూతక్క ఫోన్ లాక్కుంది.

"అమ్మా, దుకాణం ఆయనదే. సర్కారుకు జవాబు చెప్పేది నేను. నా ఆధార్ తీస్కో."

పేరు సరిచేయమని రాసి, ఆమె ఆధార్ పంపాం. అక్కడ ఓవెన్లో కేకులు, ఇక్కడ కుర్చీలో నేను సమానంగా ఉడికాం. చీకటిపడే వేళకు సైటు తెరుచుకుంది. ఏడుపొక్కటే తక్కువ నాకు.

రెండు చేతులూ జోడించాను. "దేవుడి మీద ఒట్టక్కా! ఇకమీదట మనిషిని అడక్కుండా ఎవరి పేరూ ఎక్కడా రాయను."

"దేవుని మీద ఒద్దు తమ్మీ," అంది రూతక్క. "ఆధార్ ఉన్నోళ్ల మీద వెయ్యి."