రేకుల కింద లక్క

ఉదయం ఆరున్నరకు ఖమ్మంలో ఇల్లెందు బస్సు ఎక్కాను. టేకులపల్లి దాటాక అడవిలో ఉన్న ఒక ఊళ్లో, ముత్తమ్మ అనే ఒంటరి మనిషి మీద చేతబడి నింద పడిందనీ, మధ్యాహ్నం పెద్దలు కూర్చుంటున్నారనీ అక్కడి టీచరు ఫోన్ చేశారు. నింద నిలిస్తే ఆమె ఊరు విడవాలి. మూఢనమ్మకాలు తప్పని చూపించడానికి ఊరూరా తిరిగి తిరిగి ఒళ్లు అలసిపోయింది. కోపం మాత్రం అలసిపోలేదు.

బస్సులో ఊపిరాడలేదు. "జల్దీ లోపలికి జరుగుండ్రమ్మా!" అని కండక్టర్ అరిచాడు. "యాడికి జరగాలె కొడుకా, నీ నెత్తి మీదికా?" అంది నా పక్కనున్న ముసలామె. అందరం ఉన్నచోటనే ఊగుతున్నాం. అయినా ఇల్లెందు వచ్చేసరికి తలుపు దగ్గరివాణ్ణి వెనక సీట్ల దాకా చేరాను.

ఇల్లెందులో పూరీ తిని, టేకులపల్లికి ఇంకో బస్సు, అక్కణ్ణుంచి ఆటో. పదకొండున్నరకు ఊరు చేరాను.

ఊళ్లో ఆడవాళ్లు మోదుగు కొమ్మల నుంచి లక్క గీకి, కరిగించి, ముద్దలు చేసి దాచుకుంటారు. నిరుడు ఎండాకాలం పోయాక చూస్తే అందరి ముద్దలూ విడివిడిగానే ఉన్నాయి. ముత్తమ్మ గంపలోవి మాత్రం ఒకటైపోయాయి. అదే చేతబడికి రుజువన్నారు.

"నిప్పు తగలకుండ రాళ్లసొంటి ముద్దలు ఎట్ల అతుకుతయి సారూ?" అన్నాడు పెద్దమనిషి లచ్చయ్య.

లక్క గట్టిగా కనబడుతుందే గానీ లోపలి కణాలు ఊరుకోవని చెప్పాను. కిక్కిరిసిన బస్సులో మనుషుల్లా, పక్కవాటి మధ్య ఇరుక్కుని ఊగుతుంటాయి. వేడికి ఆ ఊపు పెరుగుతుంది. ఇప్పుడు ఊపు ఎంత పెద్దదైతే, పోను పోను ముద్ద అంత తొందరగా జారి, పక్కదానికి అతుక్కుంటుంది. మిగతావి గడ్డి ఇళ్లు. ముత్తమ్మది రేకుల ఇల్లు, ఎండాకాలం లోపల కొలిమే.

"అయితే ఇప్పుడు అతికిచ్చి చూపెట్టు," అన్నాడు లచ్చయ్య.

"ఇది చలికాలం. ఎండలు ముదరాలి."

"గారడోళ్లే నయం, జల్దీ చూపెడ్తరు!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బాబాల మాయలను వేదికల మీద రెండు నిమిషాల్లో బయటపెట్టినవాణ్ణి. ఈసారి నిజానికే నెలలు కావాలి. గొంతు పోయేదాకా వాదించాను.

చివరికి లచ్చయ్య తన ముద్దలు రెండు తెచ్చి, బడి రేకుల గదిలో ఒకదాని మీద ఒకటి పెట్టి, తాళం వేశాడు. "ఎండకాలం పోనీ. ఇవి గూడ అతికితే ఆమె చేతి అన్నం నేనే తింట. అప్పటిదాక ఆమెను ఎవ్వరేమనొద్దు."

ఆటో దాకా వచ్చి ముత్తమ్మ మెల్లగా అడిగింది: "అనరు సారూ. గానీ అప్పటిదాక నాతోని మాట్లాడేటోళ్లు ఎవరు?"

తిరుగు బస్సులో సీటు దొరికింది, నిద్ర మాత్రం పట్టలేదు. మీలో ఎవరైనా ఆ దారిన వెళితే లక్క గురించి ఆరా తీయకండి, అది ఎండలు చూసుకుంటాయి. ముత్తమ్మ ఇంట్లో కూర్చుని, నలుగురూ చూసేలా, చాయ్ తాగి రండి.