పాడకుండా ఆడిన వీరుడు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జనవరిలో, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఒపెరా హౌసులో నాకు థియేటర్ డాక్టర్ డ్యూటీ పడింది. దానికి జీతం ఉండదు, మూడో వరుసలో రెండు సీట్లు ఇస్తారు. ఎవరైనా స్పృహ తప్పితే లేచి వెళ్లాలి. నేను గొంతు డాక్టర్ని గనుక గాయకులూ నన్నే పట్టుకునేవారు.

మాంత్రికురాలి తోటలో బందీ అయిన వీరుణ్ణి ప్రేయసి విడిపించుకునే పాతకాలపు ఒపెరా అది. వీరుడి పాటలన్నీ పై స్థాయిలోనే. అందుకే ఆ వేషం తరచు ఆడవాళ్లే కడతారు. ఈసారి బ్యోబ్లింగెన్‌లోని మా స్నేహితుల అమ్మాయి సింధు కట్టాలి. తనకదే మొదటి పెద్ద వేషం.

ప్రదర్శన రోజు పొద్దున్నే తల్లి లక్ష్మి ఆమెను నా క్లినిక్‌కి తీసుకొచ్చింది. గొంతు బొంగురు. ఎండోస్కోపు పెట్టి చూస్తే స్వరతంత్రి మీద ఎర్రటి మరక, లోపల రక్తం చేరింది. ఆ స్థితిలో పాడితే మచ్చ మిగిలిపోవచ్చు, ఆ స్వరం ఇక తిరిగి రాకపోవచ్చు. మాట్లాడవద్దన్నాను. సింధు ఫోనులో టైపు చేసి చూపించింది: "అంకుల్, ఒక్క కోర్టిజోన్ ఇంజెక్షన్, ప్లీజ్!"

"మన తెలుగువాళ్లంతా బస్సు మాట్లాడుకుని వస్తున్నారు అన్నయ్యగారూ! ఒక్క సూదికి ఏం పోతుంది?" అంది లక్ష్మి.

"గొంతే పోతుందమ్మా!" అని కసిరాను. నిజం చెప్పాలంటే, ఆ పిల్ల ఏడుపు చూసి నా చెయ్యి సిరంజి వైపు వెళ్లింది. సూది వేస్తే వాపు తగ్గుతుంది, బాగైందనుకుని ఇంకా గట్టిగా పాడేస్తారు. చెయ్యి వెనక్కి తీసుకుని, పాడరాదని రాసి సంతకం పెట్టాను.

ఇక్కడి థియేటర్లలో ఒక పద్ధతుంది. ఆ పాత్ర తెలిసిన గాయని వేరే ఊరి నుంచి రైల్లో వచ్చి, వేదిక పక్కన నిలబడి స్వరాల పుస్తకం చూస్తూ పాడుతుంది. గొంతు చెడినవాళ్లు నోరు కదుపుతూ నటిస్తారు. అలా చేద్దామన్నాను.

"అయ్యో, నలుగురి ముందూ మూగబొమ్మలాగా?" అంది లక్ష్మి.

"మన సినిమా హీరోలంతా చేసేది అదేగా చెల్లెమ్మా!"

సింధు కన్నీళ్లలోనే నవ్వి, తలూపింది.

ఆ సాయంత్రం మొదటి అంకంలో పాటకీ పెదవులకీ కుదరలేదు. రెండో అంకానికి, వేదిక పక్కనున్న గాయని ఊపిరిని సింధు పట్టుకుంది. ఆవిడ గాలి పీల్చిన క్షణంలోనే ఈమె ఛాతీ కూడా నిండేది. చివర్లో ఆ గాయని సింధు చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. నేను చప్పట్లు కొట్టాను గానీ, కళ్లు సింధు గొంతు మీదే ఉన్నాయి.

ఐదు వారాలకు మరక పోయింది. ఆఖరి ప్రదర్శన సింధు తన గొంతుతోనే పాడింది. విరామంలో లక్ష్మి వచ్చి, "ఆ రోజు మిమ్మల్ని మనసులో తెగ తిట్టుకున్నానండీ" అంది.

"వినిపించిందమ్మా" అన్నాను.

మనవాళ్ల కేసుల్లో ముందు సంతకం పెట్టి, ఆ తర్వాతే మాట్లాడాలని అప్పుడు నేర్చుకున్నాను.