తోలు సీటు మీద తొర్రూరు ప్రయాణం

1963 ఎండాకాలం. వరంగల్ స్టేషన్ రోడ్డు వెనక ఒక రేకుల షెడ్డులో నాది అప్‌హోల్‌స్టరీ పని. అంటే బండ్ల సీట్లకూ తలుపులకూ గుడ్డో తోలో తొడిగి కుట్టడం. అప్పట్లో ఊళ్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నాకు వచ్చేవన్నీ లారీ సీట్లూ రిక్షా టాపులే. అందుకే మట్టెవాడ బట్టల వ్యాపారి రాజేశం సేటు, హైదరాబాద్‌లో ఎవరో దొర దగ్గర కొన్న చిన్న విదేశీ కారును తెచ్చి నా షెడ్డు ముందు ఆపిన రోజు ఇంకా కళ్లలో ఉంది. నలుగురు కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. కానీ స్టీరింగు ముందంతా మెరుగు పెట్టిన కర్ర. తలుపు తీస్తే పాత అత్తరు వాసన. సీట్లు మాత్రం చిరిగి లోపలి పీచు బయటికి వచ్చింది.

సేటుకు ఎర్ర రెక్సిన్ మీద మనసు. రెక్సిన్ అంటే తోలులా కనిపించే పూత గుడ్డ. దాని అంచుల వెంట తెల్ల పైపింగ్ పట్టీ, వెనక అద్దం దగ్గర ప్లాస్టిక్ పూలు కావాలన్నాడు.

"పెట్టిన పైసకు సోకు కనవడాలె దానియేలూ," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "పెండ్లి బండి చేస్తరా సేటూ? మన ఎండలకు రెక్సిన్ రెండేండ్లకే పలుగుతది. అసలు లెదర్ ఏసుకోండ్రి. మీ మనుమలు గూడ దాని మీదనే కూసుంటరు."

చెప్పింది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. మా తాత పచ్చి తోళ్లు ఊని పదును చేసేవాడు, మా నాయన చెప్పులు కుట్టేవాడు. మంచి తోలుతో ఒక్కసారైనా దొరలు మెచ్చే పని చేయాలని నా కోరిక. సేటు సరేనన్నాడు.

ఇరవై రోజులు కుట్టాను. పొగాకు రంగు తోలు, అదే రంగు దారం. మధ్యాహ్నాలు రేకుల సందుల్లోంచి ఎండ చారలుగా పడేది. పని ఆపి, వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ణి. బండి కదలకుండానే ఎక్కడెక్కడికో వెళ్లేది. చల్లటి ఊళ్లు, ఎవరూ లేని రోడ్లు. మా ఆవిడ అన్నం తెచ్చి తలుపు మీద కొడితే గానీ వరంగల్‌కు తిరిగి వచ్చేవాణ్ణి కాదు.

బండి అప్పగించడానికి సేటుతో పాటు వాళ్లింటికి వెళ్లాను. అసలు ఆ కారు కొన్నది సేటు తల్లి నర్సమ్మవ్వ కోసమని అక్కడే తెలిసింది. ఆమెకు మోకాళ్లు పోయాయి, బస్సు ఎక్కలేకపోతోంది. తొర్రూరులో ఆమె చెల్లెలు మంచాన పడి ఉంది. అవ్వ కర్ర ఊతంతో వచ్చి, సీటు మీద చెయ్యి వేసి, వాసన చూసి, చటుక్కున చెయ్యి తీసేసుకుంది.

"ఇది తోలారా?"

వాళ్లింట్లో చెప్పులు కూడా వాకిలి దాటి లోపలికి రావు. మడి ఇల్లు.

"బండి ఇంట్లకు రాదు గదనే, వాకిట్లనే ఉంటది," అని సేటు నసిగాడు. ఆయన ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాడట. అవ్వ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. నాకు మనసు చివుక్కుమంది. నన్నూ, మా తాతనూ కలిపి దూరం జరిపినట్టు అనిపించింది. కోపం కూడా వచ్చింది.

మూడో రోజు పొద్దున్నే సేటు బండి వేసుకుని ఆదరాబాదరాగా నా షెడ్డుకు వచ్చాడు. అవ్వ చెల్లెలు అన్నం మానేసిందట, అక్క వచ్చిందా అని ఒకటే కలవరిస్తున్నదట.

"పైన ఏదన్న కప్పు దానియేలూ. తోలు తీసేయించిన్నని అమ్మకు నేను చెప్త."

కాశిబుగ్గకు వెళ్లి, తెలిసిన నేత పని సాలాయన దగ్గర నీలం చారల పలచటి జంపఖానాలు తెచ్చి సీట్లకు తొడిగాను. మధ్యాహ్నానికల్లా తాత్కాలికంగా చేత్తో టాకాలు కుట్టాను. ఒప్పుకోక తప్పదు, మన ఎండకు అదే హాయి. ఆ చిన్న బండి లోపల నీడ పరిచినట్టుంది.

బండి వాళ్లింటి ముందు ఆపితే అవ్వ బయటికి వచ్చింది. కొడుకును ఏమీ అడగలేదు. నా వైపు తిరిగింది.

"కొడుకా, కింద తోలు ఉన్నదా, తీసినవా?"

ఆమె వెనక నిలబడి సేటు కళ్లతో సైగలు చేస్తున్నాడు. ఒక్క అబద్ధం చాలు. కానీ నాకు నోరు రాలేదు.

"ఉన్నదవ్వా. తియ్యాలంటె రెండు దినాలు పడ్తది."

సేటు తల పట్టుకున్నాడు. అవ్వ రోడ్డు వైపు చూసింది.

"రెండు దినాలు నా చెల్లె ఆగుతదా?"

సేటు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"మైలైతే తలకు పోసుకుంట. చెల్లె పోతే ఏం పోసుకుంట?" అని అవ్వ నా ముందుకు చెయ్యి చాచింది. "జర పట్టుకో."

మడి ఇంటి చెయ్యి అది, నేను జంకాను. తర్వాత పట్టుకున్నాను. మెల్లగా వెనక సీట్లో కూర్చోబెట్టాను.

టాకాలు ఊడతాయేమోనని నేనూ ముందు సీట్లో ఎక్కాను. సేటు నెమ్మదిగా నడిపాడు. దారి పొడవునా వేడిగాలి, దున్నిన నల్ల చేలు, చింతచెట్ల నీడలు. అవ్వ కునుకు తీస్తూ, మధ్యలో లేచి ఏవో పాత పేర్లు చెప్పుకుంటూ, మళ్లీ కళ్లు మూసింది. ఆ మూడు గంటలు నాకు కలలాగే జరిగాయి.

తొర్రూరులో, మంచం మీద చెల్లెలు కళ్లు తెరిచి అక్కను గుర్తుపట్టింది.

"ఎట్లొచ్చినవక్కా? మోకాళ్లు లేవంటివి."

"తోలు మీద కూసోని వచ్చిన్నే."

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు. బోసినోటితో నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

"నా కోసమేనా?"

"నీ కోసం గాక, సోకుకా?"

నేను బయటికి వచ్చి బండి పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ పని చేశాను. ఏ బండి వచ్చినా, ఏ రంగు, ఏ గుడ్డ అని అడిగే ముందు వెనక సీట్లో ఎవరు కూర్చుంటారని అడిగాను. అది అడగకుండా నేను కుట్టిన ఆ ఒక్క పని వల్ల ఒక ముసలమ్మ జన్మంతా పాటించిన పట్టింపును వదులుకోవలసి వచ్చింది. ఆమె వదులుకుంది. ఆమె చోట నేనుంటే వదులుకునేవాణ్ణో లేదో ఇప్పటికీ చెప్పలేను.