ఇదే మీ ఊరు

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు పిల్లల్ని ఏటా వేసవి సెలవుల్లో శ్రీకాకుళం పల్లెలు చూపించడానికి తీసుకెళ్లే పెద్దాయన ఒకరుండేవారు. రిటైరైన గూడ్స్ గార్డు. మొదట్లో జీపు సరిపోయేది, పోనుపోను బస్సు కూడా చాలలేదు. తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో తెలియని ఇళ్లు మాలో చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు దిగులుగా కూర్చుంటే ఆయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఇదే మీ ఊరు. దిగి దండం పెట్టు" అనేవారు.

నాకూ అలాగే ఒక ఊరు దొరికింది. అక్కడి మట్టి గుప్పెడు తెచ్చి మా మామ్మ చేతిలో పోశాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుంటుంటే, నన్ను దింపడానికి వచ్చిన ఆయన గుమ్మంలోనే తల దించుకున్నారు.

"కూకో బాబూ, టీ తాగు" అంది మామ్మ.

"డ్యూటీ ఉందమ్మా" అని వెళ్లిపోయారు. రిటైరై ఏళ్లయిన మనిషి. మళ్లీ మా క్వార్టర్ వైపు రాలేదు.

ఆయన వెళ్లాక మామ్మ మట్టిని వేళ్లతో నలిపి చూసింది. "మాది ఎర్రమట్టి అని మాయమ్మ సెప్పీది. ఇది ఉత్త ఇసక. ఆయనకి సెప్పకు, బాధ పడతాడు" అంది. ఆయన పోయేదాకా నేను చెప్పలేదు.

ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్లేది నేనే. ఈ వేసవిలో బస్సు కిటికీ దగ్గర ఒక పిల్ల, "దీదీ, మా ఊరు కౌన్‌సా హై?" అని అడిగింది. వాళ్లది ఏ ఊరో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదనే చెబుదామని లేచి వెళ్లాను.

నా చెయ్యి అప్పటికే ఆ పిల్ల భుజం మీద ఉంది.